గంభీరుడు గట్టెక్కిన వైనం

వైనతేయ రేవులో లాంచీ నడిపే సరంగు కొండయ్యకు జీవితంలో తేలని ప్రశ్న ఒక్కటే ఉండేది. దేవుడున్నాడా అన్నది కాదు. ఉన్నాడని వాళ్ళమ్మ చెప్పింది, అతను మళ్ళీ అడగలేదు. పోయినవాళ్ళు ఎక్కడికి పోతారన్నదీ కాదు. ఎక్కడికి పోవాలన్నా మధ్యలో ఏరొకటి ఉండకపోదనీ, అక్కడా ఎవడో సరంగు ఉండే ఉంటాడనీ అతని ధీమా. ఏళ్ళ తరబడి అతన్ని తినేసిన ప్రశ్న ఇది: గంభీరుడు బతికేడా, పోయేడా?

గంభీరుడు తాబేలు. అందులోనూ కథలో తాబేలు. ‘గువ్వల గూడు’ అనే పిల్లల మాసపత్రికలో నాలుగేళ్ళు వచ్చిన ‘ఉప్పుకోట రాకుమారి’ అనే సీరియల్లో, రాకుమారిని వీపు మీద మోసుకుంటూ సముద్రాలు దాటించే ఒంటికన్ను తాబేలు. ఎడంకన్ను మాంత్రికుడు పీకేశాడు. కుడికన్నుతోనే దారి చూసుకునేది.

మీసాలున్న మనిషికి పిల్లల పత్రికతో పనేమిటని అడిగేవాళ్ళుంటారు. లోవమ్మ అలాగే అడిగేది. లోవమ్మ కొండయ్య భార్య కాబట్టి రోజూ అడిగేది.

అప్పట్లో రాజోలు వైపు నుంచి అమలాపురం వైపు వెళ్ళాలంటే వైనతేయ దాటాలి. వంతెన ఎన్నికల ముందు వచ్చి, ఎన్నికలు కాగానే వెళ్ళిపోయేది. మిగతా రోజుల్లో రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటూ, దాన్ని లాక్కెళ్ళే లాంచీయే గతి. సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ, గేదెలూ, పెళ్ళికూతుళ్ళూ, ఆసుపత్రికి పోయే రోగులూ అందరూ ఆ పంటు మీద సమానమే. ఆ సమాన సమాజానికి కొండయ్య ఏలిక. ఆరడుగుల మనిషి. అతని మీసం చూసి గేదెలు కూడా పంటు మీద బుద్ధిగా నిలబడేవని ప్రతీతి.

డెబ్భై నాలుగు వేసంకాలంలో ఎవరో పిల్లలు లాంచీ బల్ల మీద ఒక పత్రిక మరిచిపోయి దిగిపోయారు. జనం కోసం కాచుకుని కూర్చున్న కొండయ్య, మిషను బడిలో మూడో తరగతి దాకా నేర్చిన అక్షరాలు ఇంకా ఉన్నాయా పోయాయా అని పరీక్ష చేసుకోవడానికి దాన్ని తెరిచాడు. అక్షరాలు ఉన్నాయి. వాటితోపాటు గంభీరుడూ ఉన్నాడు. ఆ పూట పంటు ఎంత ఆలస్యంగా కదిలిందో రేవును వేలంలో పాడుకున్న పాటదారు చాలాకాలం చెప్పుకున్నాడు.

మనసులో చదువుకోవడం కొండయ్యకు చేతకాదు. అలా చదవడం ఎవరికీ పెట్టకుండా తినడంలాగా తోచేది అతనికి. అందుకని పైకి, గట్టిగా, లాంచీ మోతకు పైన వినపడేలా చదివేవాడు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత విన్నారు. ఆ తర్వాత, కొత్త సంచిక వచ్చిన రోజున పంటు ఒడ్డుకు తగిలినా ‘ఇంకా ఉంది’ అన్న మాట వినపడేదాకా ఒక్కరు దిగితే ఒట్టు. గట్టు మీద బస్సువాడు హారను కొట్టీ కొట్టీ, చివరికి తనే దిగొచ్చి వినేవాడు.

సాయంత్రం ఇంటి దగ్గర రెండో విడత. అరుగు మీద కూర్చుని, వినేవాళ్ళెవరూ లేకపోయినా, మొదటినుంచీ మళ్ళీ చదివేవాడు. లోపలినుంచి లోవమ్మ గిన్నెల చప్పుడుతో తన అభిప్రాయం తెలియజేసేది.

“తాబేలు కథలు చదివే మీసాలు మా వంశంలో లేవమ్మా,” అనేది వంటింట్లోంచి, గోడతో చెబుతున్నట్టుగా.

“మీ వంశంలో మీసాలే లేవు,” అనేవాడు కొండయ్య పేజీ తిప్పుతూ.

ఆ మాట లోవమ్మ తమ్ముడు వెంకన్నను ఉద్దేశించినది. వెంకన్న లాంచీ మీద తాళ్ళు కట్టే పనిలో ఉండేవాడు. మూతి మీద ఎంత ఎరువేసినా పంట రాలేదు. కొండయ్య చదువు మొదలెట్టిన కాసేపటికి గిన్నెల చప్పుడు ఆగిపోయేదన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు. గమనించవలసినవాడు తలొంచుకుని చదువుతున్నాడు మరి.

కథ డెబ్భై ఏడు దాకా సాఫీగా నడిచింది. ఆ అక్టోబరు సంచికలో నడిసముద్రంలో ఉన్న ఉప్పుకోట మీద వాన మొదలైంది. కోట కరుగుతోంది. సింహద్వారం తలుపు ఒరిగి మీద పడబోతోంది. గంభీరుడు ఆ తలుపు కిందికి దూరి, డిప్ప మీద దాన్ని నిలబెట్టి, “పొండి రాకుమారీ! నేను వెనకాలే వస్తాను,” అన్నాడు. ఇంకా ఉంది.

ఉంది, కానీ రాలేదు. నవంబరులో తుపాను వచ్చింది. రైళ్ళు ఆగాయి, టపా ఆగింది, ఎక్కడి సంచులు అక్కడ తడిసి ముద్దయ్యాయి. ఆ నెల ‘గువ్వల గూడు’ కోనసీమ గడప తొక్కలేదు. డిసెంబరు సంచిక వచ్చేసరికి రాకుమారి పెళ్ళిపీటల మీదుంది! కొండయ్య పేజీలు తిరగేసి చూశాడు, దులిపి చూశాడు. తాబేలు ఊసు లేదు. ‘తాళి కట్టే వేళ రాకుమారి ఒక్కసారి సముద్రం వైపు చూసింది’ అన్న ఒక్క వాక్యం తప్ప.

కొండయ్య అమలాపురంలో పుస్తకాల కొట్లన్నీ తిరిగాడు. రామచంద్రపురంలో ఉన్న మేనత్త కొడుకు చేత వెతికించాడు. వేరుశెనగకాయల పొట్లాలు విప్పి చూశాడు. మరుసటేడు పత్రికే మూతపడింది. గంభీరుడు తలుపు కింద అలాగే ఉండిపోయాడు.

వైనతేయ రేవులో అప్పుడు రెండు పార్టీలు పుట్టాయి. ‘బతికేడు’ పార్టీకి కొండయ్య నాయకుడు. ‘పోయేడు’ పార్టీకి తాతబ్బాయి గారు. తాతబ్బాయి గారు తూర్పు ఒడ్డున కొబ్బరికాయల దళారీ. గట్టు తగాదాలో హైకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయి, హైకోర్టుకే కళ్ళు సరిగ్గా కనపడలేదని నేటికీ వాదిస్తున్న మనిషి.

“కోట కూలింది కదండీ,” అనేవారాయన పంటు మధ్యలో నిలబడి. “తలుపు మోసేవాడు ఎక్కడుంటాడండీ? తలుపు కింద ఉంటాడు. కూలేక ఏమవుతాడు? నేను చెప్పాలా?”

“మరి పెళ్ళిపీటల మీంచి సముద్రం వైపెందుకు చూసిందండీ? వస్తాడనేగా?”

“పోయేడనండీ!”

“పోయినవాడి కోసం ఏడుస్తారు గానీ తాతబ్బాయిగారూ, చూస్తారేంటండీ?”

ఈ ఒక్క వాక్యం మీద జరిగినంత వ్యాఖ్యానం వేదాల మీద కూడా జరిగి ఉండదు. పార్టీలు మారినవాళ్ళున్నారు. వియ్యంకుల మధ్య మాటలు పోయిన సందర్భం కూడా ఒకటుంది.

కొండయ్య పంతం వెనక ఉన్న సంగతి మాత్రం పంటు మీద ఎవరికీ తెలియదు. ఒకసారి అన్నం తింటూ లోవమ్మతో అన్నాడు. “అందర్నీ దాటించేడే వాడు. ఒడ్డుకు చేరేక ఒక్కళ్ళు తిరిగి చూళ్ళేదు.” అని చారు పోసుకున్నాడు. పాతికేళ్ళుగా కొండయ్య పంటు దిగినవాళ్ళు బస్సు కోసమో, పెళ్ళి ముహూర్తం కోసమో గబగబా గట్టెక్కి పోయేవాళ్ళు. అది సహజం. దిగాక సరంగును చూడటానికేముంది? కొండయ్యకు అందులో ఫిర్యాదేమీ లేదు. చూసేవాడంతే, గట్టెక్కేవాళ్ళ వీపుల్ని.

ఇలా ఉండగా ఎనభై నాలుగులో ‘ఉప్పుకోట రాకుమారి’ సినిమాగా వచ్చింది.

రేవుకి ఈ ఒడ్డున ఒక రేకుల హాలు, ఆ ఒడ్డున ఒక రేకుల హాలు. రెండూ అన్నదమ్ములవి. ఆస్తి పంపకాల్లో చెరొకటీ వచ్చింది. అప్పటినుంచీ వాళ్ళకి మాటల్లేవు, కానీ సినిమా మాత్రం ఒక్క కాపీయే తెప్పించుకునేవారు. తూర్పు ఒడ్డున ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడేసిన రీళ్ళను రేకుపెట్టెలో పెట్టుకుని బాబూరావు అనే ఆయన సైకిలు మీద రేవుకొచ్చి, పంటెక్కి, పడమటి హాలుకు చేర్చేవాడు. ఆ అన్నదమ్ముల మధ్య మిగిలిన బంధుత్వమల్లా బాబూరావు సైకిలే. వాళ్ళిద్దరి గౌరవం తన కేరియరు మీదుందని ఆయనకు కొంచెం అతిశయం కూడా ఉండేది.

శుక్రవారం నాడు పెట్టె పంటు మీదికొచ్చింది. కొండయ్య దాని వైపు చూశాడు. ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు ఆ పెట్టెలో ఉంది, పైన బాబూరావు కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

“సరంగుగారూ, తాబేలు సంగతి...” అని మొదలెట్టాడు బాబూరావు.

“నోరు ముయ్యండి బాబూరావుగారూ,” అన్నాడు కొండయ్య. ఆ వెంటనే, ఈ వారమంతా పంటు మీద తాబేలు పేరెత్తినవాళ్ళు నడి ఏట్లో దింపివేయబడుదురని ప్రకటించాడు. సినిమా చూసొచ్చిన తూర్పు ఒడ్డు జనం మూడు రోజులపాటు నోళ్ళు గట్టిగా బిగించుకుని ప్రయాణం చేశారు. కొందరికి దవడలు నొప్పులు కూడా పుట్టాయి.

తాతబ్బాయి గారు అసలు సినిమాయే చూడలేదు. కొండయ్యతో కలిసి, అదే ఆట, అదే హాలులో చూడాలని ఆయన పట్టు. ఓడినవాళ్ళు పంటు మీద అందరి ముందూ నిలబడి ‘ఓడిపోయేను’ అనాలని ఒప్పందం. ఆదివారం మాట్నీకి ముహూర్తం పెట్టుకున్నారు.

కొండయ్య ఆ పూటకు లాంచీని వెంకన్నకు అప్పగించాడు.

“ఇసక మేట ముక్కు చుట్టి తిప్పరా. పాటులో తిన్నగా పోకు. నీళ్ళు తీసేస్తాయి.”

“నాకు తెలీదా బావా!” అన్నాడు వెంకన్న. కొండయ్యకు భయం వేసింది ఆ మాటకే.

లోవమ్మ తనూ వస్తానంది. “మిమ్మల్ని ఒక్కళ్ళనీ పంపితే హాల్లో అల్లరి పాలవుతారు,” అంది. పట్టుచీర కట్టుకుంది. తాబేలు సినిమాకి పట్టుచీరేంటే అని కొండయ్య అడగబోయి, తనూ పెళ్ళినాటి కండువా వేసుకున్నాడని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే కొండయ్యకు గుండె జారిపోయింది. ఉప్పుకోట అట్టముక్క. గోడకు కొట్టిన మేకు స్పష్టంగా కనపడుతోంది. పద్నాలుగేళ్ళ రాకుమారి వేషం వేసినావిడకు అంతకు రెట్టింపు వయసున్న సంగతి ఆవిడ పరిగెత్తినప్పుడల్లా తెలుస్తోంది. మాంత్రికుడికి ఒక హాస్యగాణ్ణి బావమరిదిగా పెట్టారు.

“కథలో బావమరిది లేడు,” అన్నాడు కొండయ్య పైకి.

“ఇష్, ఊరుకోండి. అందరికీ ఉంటారు,” అంది లోవమ్మ.

ఏడు సముద్రాలకు మూడే చూపించారు. సముద్రం మధ్యలో ఏభై మంది ఆడపిల్లలు కుండలు పట్టుకుని పాట పాడారు. నడిసముద్రంలో మంచినీళ్ళ కుండలెందుకని కొండయ్య హాలంతటినీ ఉద్దేశించి అడిగాడు. ముందు బెంచీలోంచి తాతబ్బాయి గారు వెనక్కి తిరిగి, “సరంగుగారూ, అందులో మాత్రం మనిద్దరం ఒకటేనండి,” అన్నారు.

అప్పుడు గంభీరుడొచ్చాడు. రెక్సినుతో చేసిన డిప్ప. లోపల మనిషి ఉన్నాడని నడకలో తెలిసిపోతోంది. ఎడంకంటి మీద నల్లగుడ్డ. నీళ్ళలోంచి తలెత్తి, ఆ కుడికన్ను ఒక్కసారి మూసి తెరిచాడు.

కొండయ్య మేకు, బావమరిది, కుండలు, అన్నిటినీ అక్కడికక్కడే క్షమించేశాడు. తర్వాత గంభీరుడు నోరు తెరవకముందే మాటలు తను చెప్పేయడం మొదలెట్టాడు. “భయపడకండి రాకుమారీ, నీళ్ళకి నేను తెలుసు.” ఆ వెనకే తెర మీద తాబేలు, “భయపడకండి రాకుమారీ...” జనం మొదట కసిరారు. తర్వాత కొండయ్య చెప్పింది తాబేలు చెబుతుందా లేదా అని ఉత్సాహంగా చూశారు. తాబేలు ఒక్కసారీ తప్పలేదు.

కోట మీద వాన మొదలైంది. తలుపు ఒరిగింది. గంభీరుడు కిందికి దూరాడు. “పొండి రాకుమారీ! నేను వెనకాలే వస్తాను.”

తెర తెల్లబడింది.

కొండయ్య, ఇక్కడ ఇంకా ఉంది కదా అన్నట్టు కూర్చున్నాడు. ఉండవలసింది పెట్టెలో ఉంది, పెట్టె రాలేదు. ‘రీలు వచ్చుచున్నది, సహకరించండి’ అని అద్దం మీద రాసి చూపించారు. జనం సహకరించారు, ఈలలతో. కొంతసేపటికి బెంచీలతో కూడా సహకరించసాగారు.

కొండయ్య లేచి బయటికొచ్చి గాలి వాసన చూశాడు. పాటు. నీళ్ళు సముద్రానికి వెనక్కి పోతున్నాయి. వెంకన్న తిన్నగా పోయాడు. పంటు మేట ఎక్కేసింది. కళ్ళతో చూడనక్కర్లేదు.

లోపలికొచ్చి చెప్పు వెతుక్కుంటుంటే లోవమ్మ చూసింది.

“ఎక్కడికండీ?”

“మీ తమ్ముడు మేటెక్కించేడు. పంటు మీద జనం ఉన్నారే.”

“పోటు తగిల్తే అదే తేల్తుంది కదండీ! ఇన్నేళ్ళు కాసుకున్నారు, ఈ ఒక్క పూటా...”

కొండయ్య తెల్లటి తెర వైపు ఒకసారి చూశాడు. “వెంకన్న కంగారులో లాంచీ గుంజితే తాళ్ళు తెగుతాయి. ముసలాళ్ళుంటారు, పిల్లలుంటారు. నువ్వుండు. చూడు. చూసి నాకు చెప్పు.”

లోవమ్మ కండువా అంచు పట్టుకుంది, వదిలేసింది.

ఏటి మధ్యలో పంటు ఇసక మీద పీట వేసుకుని కూర్చున్నట్టు కూర్చుంది. కొండయ్య గట్టున ఉన్న చిన్న దోనె ఎక్కి, గెడకర్రతో తోసుకుంటూ వెళ్ళాడు. పంటు మీద బాబూరావు రేకుపెట్టెను నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు, వరదలో పసిబిడ్డను కాపాడుతున్నట్టుగా. నిజానికి నీళ్ళు మోకాలి లోతు లేవు.

“మేట జరిగింది బావా,” అన్నాడు వెంకన్న.

“మేట జరగలేదు. నీకు మతి జరిగింది,” అన్నాడు కొండయ్య. “దోనె వేసుకుని బాబూరావుగారిని ఒడ్డుకు దింపు ముందు. హాలు పీకేస్తున్నారక్కడ.”

పెట్టెను పంటు మీంచి దోనెలోకి అందించింది కొండయ్యే. ఎండకి రేకు కాలిపోతోంది. రెండు చేతులతో పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. బాబూరావు జాలిపడ్డాడు.

“పోనీ రెండు బొమ్మలు లాగి ఎండకి పెట్టి చూపించనా అండి? ఎవరికీ తెలీదు. తాబేలు ఏమయ్యేడో...”

“వద్దండి,” అన్నాడు కొండయ్య. “వాడు అంత పని చేస్తే, నేను వేలెడు బొమ్మలో దొంగచూపు చూస్తానా? పదండి.”

దోనె వెళ్ళిపోయింది. కొండయ్య పంటు మీద జనాన్ని ఒక పక్కకు జరిపించి, గేదెల్ని దింపి నీళ్ళలో నిలబెట్టి, తాళ్ళు వదులు చేసి, పోటు కోసం కూర్చున్నాడు. దూరంగా పడమటి గట్టు మీద కొబ్బరితోటల వెనక రేకుల హాలు కప్పు కనపడుతోంది. కొంతసేపటికి ఈలలు ఆగిపోయాయి. అంటే రీలు తిరుగుతోంది. కొండయ్య అటే చూస్తూ, తనకు తెలిసిన మాటల్ని పెదాల మధ్య అనుకుంటూ కూర్చున్నాడు. అవి ఒక చోట అయిపోయాయి.

పొద్దు వాలుతుండగా పోటు వచ్చింది. పంటు కదిలింది. పడమటి రేవుకు తెచ్చి జనాన్ని దింపాడు. వాళ్ళు ఎప్పటిలాగే గబగబా గట్టెక్కి పోయారు.

హాలు విడిచిన జనం రేవులో ఉన్నారు, తూర్పు ఒడ్డుకు పోవలసినవాళ్ళు. అందరిలోకీ ముందు పట్టుచీరలో లోవమ్మ ఉంది. ఆవిడ ఇల్లు ఈ ఒడ్డునే. అయినా పంటు దాటి లాంచీలోకే వచ్చి, చుక్కాని పక్కన బల్ల మీద కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి.

వెంకన్న తాడు విప్పాడు. లాంచీ కదిలింది. వెనక పంటు మీద ఒక్కరూ మాట్లాడటం లేదు. తాతబ్బాయి గారు ఏటి వైపు తిరిగి నిలబడ్డారు. అందరూ కొండయ్య వీపు వైపూ, లోవమ్మ ముఖం వైపూ చూస్తున్నారు.

“ఏమయ్యేడే?” అన్నాడు కొండయ్య, ఎదురుగా నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

లోవమ్మ చెంగు సర్దుకుంది. ఆవిడ గొంతు లాంచీ మోతకు పైన, పంటు చివరిదాకా వినపడింది.

“కోట కూలిపోయిందండి. ఉప్పంతా కరిగిపోయింది. నీళ్ళు పాలల్లే తెల్లగా అయిపోయేయి. రాకుమారి ఒడ్డున నిలబడి ఏడుస్తా ఉంది. ఎంతసేపటికీ ఏమీ లేదు.”

“ఊఁ.”

“ఆ కోటకి గోడలు ఉప్పు, కప్పు ఉప్పు. తలుపొక్కటే చెక్కది కదండీ. మాంత్రికుడు చింతదుంగలు తెప్పించి చేయించేడని మొదట్లోనే చదివేరు మీరు.”

“నేను చదివేనా? ఎప్పుడూ?”

“నేను వడియాలు పెడుతుంటే. ఆ వేసంకాలం.” లోవమ్మ మాట తిప్పేసింది. “మరి చెక్క మునుగుతుందేంటండీ? ఉప్పు కరిగింది, తలుపు తేలింది. తలుపు కింద ఉన్నోడు తలుపుతోబాటే తేలేడు.”

కొండయ్య చెయ్యి చుక్కాని మీద ఆగిపోయింది. పాతికేళ్ళుగా చెక్క మీద నిలబడి బతుకుతున్నవాడికి, ఇన్నాళ్ళ వాదనల్లోనూ, చెక్క తేలుతుందన్న సంగతి తట్టలేదు!

“రాకుమారి చూసిందా?”

“చూడకపోవడమేంటండీ? పరిగెత్తుకుంటా నీళ్ళలోకి దిగిపోయింది, ఆ నగలతోనే. ‘వెనకాలే వస్తానన్నావు, ఇంతసేపా?’ అని కేకలేసింది. అప్పుడు వాడు ఇలా ఎడంకన్ను కొట్టేడు.”

పంటు మీద ఒకావిడ చెంగు నోట్లో కుక్కుకుంది. మరొకాయన ముక్కు చీదాడు. గోదావరి జిల్లాలో అంతమంది జనం, ఒకే సినిమా అప్పుడే చూసొచ్చినవాళ్ళు, ‘అలా కాదండీ’ అని ఒక్కరూ అనకుండా ఊరుకోవడం అంతకుముందు జరగలేదు. వాళ్ళ కళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. బతికినవాడి కోసం అంత ఎరుపు అక్కర్లేదు.

తాతబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు. ఇన్నేళ్ళ వాదనలో గెలిచిన మనిషి, సాక్షులందరి మధ్యా, మాట్లాడబోతున్నాడు.

“సరంగుగారూ,” అన్నారు తాతబ్బాయి గారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. “ఆయ్. అంతేనండి. నేనూ చూసేను. తలుపు తేలింది.” మరింత గట్టిగా అన్నారు. “ఓడిపోయేనండి!”

కొండయ్యకు సంగతి అర్థమైంది ఆ క్షణంలోనే. హైకోర్టు చెప్పినా ఓడిపోయానని ఒప్పుకోని మనిషి! లోవమ్మ మాటను నమ్మబోయినవాడు, తాతబ్బాయి గారి మాటతో నమ్మలేకపోయాడు. లాంచీ తిన్నగా మేట వైపు పోతోంది. వెంకన్న, “బావా!” అన్నాడు. కొండయ్య చుక్కాని తిప్పి, మేట ముక్కు చుట్టూ జాగ్రత్తగా తిప్పుకొచ్చాడు. అటు తిరిగాక అన్నాడు.

“ఓడిపోవడం ఏముందిలెండి తాతబ్బాయిగారూ. చెక్క సంగతి నాకూ తట్టలేదు.”

తూర్పు ఒడ్డున జనం దిగారు. బస్సు కాచుకునే ఉంది. తాతబ్బాయి గారు మాత్రం సగం గట్టెక్కి, ఆగి, వెనక్కి తిరిగారు. ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకున్నారు. తర్వాత చెయ్యెత్తి, “వెళ్ళొస్తానండోయ్,” అని కేకేసి వెళ్ళిపోయారు.

వెంకన్నను వెనక పంటు మీద తాళ్ళ దగ్గర ఉంచి, తిరుగు దారిలో చుక్కాని దగ్గర మొగుడూ పెళ్ళామూ మాత్రమే ఉన్నారు. బల్ల మీద బాబూరావు సైకిలు పంపు ఒకటి మిగిలిపోయింది. పంపు కోసం బాబూరావు మర్నాడు వస్తాడు. వచ్చి, “అయ్యో పాపం సరంగుగారూ, ఆ తాబేలు...” అని మొదలెడతాడు. కొండయ్య, “మా ఇంటిది చూసిందండి, చెప్పింది,” అని పంపు చేతిలో పెడతాడు. సినిమా ఇంకా నాలుగు రోజులు ఆడుతుంది. కొండయ్య వెళ్ళడు, సెలవు దొరక్క కాదు. అవన్నీ తర్వాతి సంగతులు. ప్రస్తుతం నీళ్ళ మీద ఇంకా వెలుగుంది.

“లోవా.”

“ఊఁ.”

“ఎడంకన్ను కొట్టేడన్నావు.”

“ఆఁ. ఎడంకన్నే.”

“వాడికి ఉన్నది కుడికన్నేనే.”

లోవమ్మ చీర కుచ్చిళ్ళు చూసుకుంది.

“ఎదురుగా కూచున్నావు కదా,” అన్నాడు కొండయ్య. “నీకు ఎడం చేతి వైపు కనపడుంటుంది.”

“అదేనండి,” అంది లోవమ్మ. “ఎదురుగా కూచున్నాను మరి.”